ఊర్మిళ లేని లక్ష్మణులు

అన్న వెంట అడవికెళ్లిన లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్ను మూయలేదని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆయన వాటా నిద్ర అయోధ్యలో భార్య ఊర్మిళ పోయింది. నిద్రను ఎగ్గొట్టడం కుదరదనీ, ఆ బాకీ ఎవరో ఒకరు తీర్చాల్సిందేననీ కథ కట్టినవాళ్లకు కూడా తెలుసు. మన కార్పొరేట్ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు మాత్రం ఆ లెక్క పట్టదు. జేఈఈ, నీట్ పేరు చెప్పి లక్ష్మణుల్నే చేర్చుకుంటాయి. ఊర్మిళ కోటా లేదు.

తెల్లారి ఐదింటికే వార్డెన్ కర్రతో మంచాలు వాయిస్తాడు. రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్. కునుకుపడితే లేచి నిలబడి చదవాలి. అప్పటికీ తూగితే మొహం కడుక్కు రావాలి. ఆ వేళప్పుడు రాసిన నోట్సు ఒకసారి తిరగేయండి. పేజీ మొదట్లో గుండ్రంగా ఉన్న అక్షరాలు నాలుగో లైనుకు కిందికి జారి, ఆపైన ఒట్టి గీతగా మారి మార్జిన్ దాటిపోతాయి. అదీ సిలబస్సే కాబోలు, కింద లెక్చరర్ సంతకం ఉంటుంది.

1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించారు. చదివి పడుకున్నప్పుడు ఎక్కువ గుర్తున్నాయి, మేలుకుని ఉన్నప్పుడు ఎక్కువ మరిచిపోయారు. అర్థంలేకుండా బట్టీ పట్టించడంలో మన కాలేజీలు వాళ్లను ఎప్పుడో మించిపోయాయి. తర్వాత పడుకోనివ్వడమే మిగిలింది.

పగలు చదివినదాన్ని మెదడు గాఢనిద్రలో నెమరేసుకుని పదిలపరుచుకుంటుంది. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే వస్తుంది. ఐదింటి కర్ర పడేది సరిగ్గా దాని నెత్తినే. పైగా ఆ వయసులో మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి పెందలాడే నిద్రా పట్టదు, మెలకువా రాదు. మనం దానికి బద్ధకమని పేరు పెట్టాం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8–10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. అందులోంచి రెండు గంటలు కోసేసి, ఆ రెండు గంటలూ అదనంగా చదివించామని చెప్పుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోస్తూ బిందెలు లెక్కపెట్టడమే.

తల్లిదండ్రులేం తక్కువ తిన్నారా? “మావాడు ఐదు గంటలే పడుకుంటాడండీ” అని చుట్టాల దగ్గర మురిసిపోతారు. ఆ నోటితోనే “ఎంత చదివినా గుర్తుండట్లేదంటున్నాడు, ఏదైనా టానిక్ రాయండి” అని డాక్టరు గారిని అడుగుతారు. టానిక్ మంచం మీదే ఉంది. డబ్బులు పెట్టి కొనేది కాదు గనక ఎవరికీ గురి కుదరదు.

అడ్మిషన్ రోజున ఏసీయా, నాన్ ఏసీయా అని అడిగే నాన్నగారూ! ఆ ఏసీ గదిలో పిల్లాణ్ణి ఎన్ని గంటలు పడుకోనిస్తారో కూడా అడగండి. ఎనిమిదికి తగ్గితే ఆ మేరకు ఏసీ ఫీజు తగ్గించమనండి. మెదడు గురించి చెబితే ఎక్కదు గానీ, ఆ ముక్క మాత్రం వెంటనే ఎక్కుతుంది.