పట్టాదారు గడి

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ చదివే కుర్రాళ్ల గదుల్లో గోడ మీద ఇండియా మ్యాపో, టైంటేబులో అతికించి ఉంటుంది. మా ఊరి కుర్రాడి గదిలో మాత్రం పహాణీ జిరాక్సు ఉండేది. రెండెకరాల పది గుంటలు. పట్టాదారు గడిలో ఎప్పుడో పోయిన తాత పేరు, అనుభవదారు గడిలో నాన్న పేరు. విరాసత్ కోసం ఆయన మండలాఫీసు చుట్టూ తిరగని ఏడాది లేదు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, "రేపు రాపో" అనిపించుకుంటున్న నాన్నను ఇంటరు చదివే రోజుల్లో వీడు కళ్లారా చూశాడు. డిప్యూటీ కలెక్టరయ్యి ఆ గడిలో నాన్న పేరు ఎక్కించాలన్నది అప్పటి పట్టు.

2011లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. ఆ వెంటనే రాసిన వీఆర్వో పరీక్షలో ఉద్యోగం వచ్చింది కూడా. "చేరరా, పహాణీ రాసేది నువ్వే అయితవు" అన్నారు దోస్తులు. "రాసేటోడు కాదు, సంతకం పెట్టేటోడు కావాలె" అని వదిలేశాడు. నాకది పొగరనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. చిన్న కొలువులో కుదురుకుని పెద్ద పరీక్ష మరిచిపోయినవాళ్లవి చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఎవర్నడిగినా పదిమంది పేర్లు చెబుతారు.

2012లో మెయిన్స్ రాశాడు. ప్రిలిమ్స్ ప్రశ్నల్లో తప్పులున్నాయని కేసులు పడ్డాయి. 2013లో సుప్రీంకోర్టు మెయిన్స్ మళ్లీ పెట్టమంది. పెట్టేసరికి 2016 సెప్టెంబరు. మధ్యలో రాష్ట్రమే రెండయింది. వీడు మాత్రం కుర్చీ దిగలేదు. పండక్కి ఊరు రాలేదు, పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. గది అద్దె, మెస్సు బిల్లు నెల తప్పకుండా నాన్న పంపేవాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "ఇంటి సంగతి నీకెందుకు బిడ్డా, నువ్వు చదువుకో."

2017లో ఫలితాలొచ్చాయి. డిప్యూటీ కలెక్టరే.

మరుసటి ఏడు, కొత్త పాసుపుస్తకాలు ఇస్తున్న రోజుల్లో, నాన్నకు మాటమాత్రం చెప్పకుండా మండలాఫీసుకు వెళ్లాడు. తహసీల్దారు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. సర్వే నంబరు చెప్పగానే ఫైలు వచ్చింది. పట్టాదారు గడిలో తాత పేరు లేదు. నాన్న పేరూ లేదు. పక్కూరి రైతు పేరుంది.

"సాదాబైనామా కేసు సార్. 2016లో సర్కారు పైసా తీసుకోకుండా రెగ్యులరైజ్ చేసింది కదా, అప్పుడు 13-బి ఇచ్చినం. అమ్మిన ముసలాయనే ఇప్పుడు అండ్ల కౌలు చేసుకుంటున్నడు. మీకు తెలిసినాయనా సార్?"

జవాబు చెప్పకుండా, ఫైల్లోంచి అమ్మకం రాసుకున్న తెల్లకాగితం అందుకున్నాడు. కింద నాన్న వేలిముద్ర. రాసింది 2013లో, మెయిన్స్ మళ్లీ రాయాలని తేలిన నెలలోనే. భూమి ఎందుకు అమ్ముతున్నదీ రెండో వరుసలోనే ఉంది: "నా కుమారుని పై చదువుల ఖర్చు నిమిత్తం."