పాదరసానికి పుట్టుక సర్టిఫికెట్

చేపలో పాదరసం ఉంటే అది ఎవరి తప్పూ కాదట, ప్రకృతి ప్రసాదమట. అమెరికా ట్యూనా కంపెనీలకు కలిగిన ఈ జ్ఞానం 2006లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టుకూ కలిగింది. పాదరసం సంగతి జనానికి చెప్పి అమ్మండని కాలిఫోర్నియా ప్రభుత్వం మూడు పెద్ద కంపెనీల మీద దావా వేస్తే, అది సహజంగా వచ్చిందే కాబట్టి హెచ్చరిక అక్కర్లేదని తీర్పు వచ్చింది. 2009లో పై కోర్టూ తలూపింది. సహజమే మరి! తాచుపాము విషం మాత్రం ఏ ఫ్యాక్టరీలో తయారవుతోంది?

బొగ్గు పొగలోంచి, బంగారు గనుల్లోంచి వచ్చి సముద్రంలో పడే పాదరసం తన ఊరూ పేరూ చెప్పుకోదు. నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ చేస్తాయి. చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది మింగేకొద్దీ మోతాదు పెరుగుతుంది. ఆఖరి పెద్ద చేపను మింగేది మనం.

పాదరసాన్ని తగ్గించలేనివాళ్లు హద్దును పెంచడం అమెరికాలో పాత విద్యే. చేపలో పాదరసం పది లక్షల పాళ్లలో అర పాలు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1969లో హద్దు గీసింది. మరుసటేడు అది దాటిన ట్యూనా డబ్బాలను లక్షల్లో వెనక్కి రప్పించారు. తర్వాత ఒక స్వోర్డ్‌ఫిష్ వ్యాపార సంస్థ ఆ హద్దు మీద కోర్టులో నెగ్గింది. 1979లో హద్దు ఒక పాలు అయింది. చేపలో పాదరసం రవ్వంత తగ్గలేదు గానీ, నిన్నటిదాకా చెడ్డదైన చేప రాత్రికి రాత్రే మంచిదైపోయింది!

మినమాతలో పాదరసం చేపలు తిన్న పాపానికి కాళ్లూ చేతులూ వంకర్లు పోయిన జనాన్ని చూసిన జపాన్ నయమనుకుంటారేమో. 1973లో అదీ 0.4 పాలు హద్దు పెట్టింది, ట్యూనాను మాత్రం వదిలేసింది. ఇంటి అల్లుడికి నియమాలేమిటి!

ఇంత ఉదారమైన అమెరికా ఆహార, ఔషధ సంస్థే గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ సొర, స్వోర్డ్‌ఫిష్, కింగ్ మాకరెల్ ముట్టొద్దంటుంది. కింగ్ మాకరెల్ మన వంజరానికి దగ్గర చుట్టం. పాలు పడతాయని బాలింతకు సొర వండిపెట్టడం మన ఆచారం. కూతురి పురిటికో, కోడలి పురిటికో అమెరికా విమానమెక్కే అమ్మలూ, అత్తగార్లూ, ఎంత చింతపండు పోసి ఎంతసేపు ఉడికించినా పాదరసం పోదు. చేప మాన్పించకండి. కవళ్లు, నెత్తళ్లు వండిపెట్టండి. డబ్బా మీద ఆ ముక్క రాయించడం ప్రభుత్వం వల్ల కాలేదు, మీరైనా చెప్పండి.