అతిథిదేవుడికి గడువు తేదీ

నీట మునిగిన ఊరి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చినవాణ్ని గుమ్మంలో ఆపి "మీరు ఏ స్టేడియం తాలూకు?" అని ఆరా తీసే దేశం ఉంటుందా? ఉంది. పేరు అమెరికా.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను కొట్టింది. కరకట్టలు తెగాయి. లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరం 80 శాతం నీళ్లపాలైంది. దిక్కులేని జనాన్ని సూపర్‌డోమ్ స్టేడియంలో కుక్కారు. సర్కారు బస్సులు ఇదిగో వస్తాయి, అదిగో వస్తాయి అంటుండగానే ఓ కుర్రాడు స్కూలు బస్సొకటి పట్టుకొని, దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించుకొని, టెక్సస్‌లోని హ్యూస్టన్‌కు తోలుకొచ్చేశాడు. సర్కారు కంటే ముందే! అక్కడి ఆస్ట్రోడోమ్ స్టేడియం గేటు దగ్గర ఏమన్నారు? శభాష్ అన్నారా? "ఇది సూపర్‌డోమ్ వాళ్లకు మాత్రమే" అన్నారు. మునగడానికీ సరైన చోటు ఎంచుకోవాలన్నమాట. చివరికి లోపలికి రానిచ్చారు లెండి.

హ్యూస్టన్ జనాన్ని ఏమైనా అంటే మాత్రం కళ్లు పోతాయి. సేవ చేస్తామని వేలమంది వరస కట్టారు. చర్చీలు తలుపులు తీశాయి. ముక్కూమొహం తెలియనివాళ్లను ఇళ్లలో పెట్టుకున్నవాళ్లున్నారు. స్టేడియంలో ఉన్నవాళ్లకు ఉత్తరాలు అందాలని 77230 అని ప్రత్యేకంగా పిన్‌కోడే పుట్టించారు. సామాన్యుడు మంచమిచ్చాడు, దుప్పటిచ్చాడు, కూడు పెట్టాడు. మరి పెద్దలు ఏమిచ్చారు? అభిప్రాయాలు!

అప్పటి అధ్యక్షుడు బుష్‌గారి తల్లి బార్బరా బుష్ ఆస్ట్రోడోమ్‌కు విచ్చేశారు. వీళ్లలో చాలామంది ఎటూ లేనివాళ్లే కదా, ఇక్కడ వీళ్లకు బాగానే కుదిరింది అని సెలవిచ్చారు. ఎంత దయ తల్లీ! ఇల్లు పోయి, ఊరు పోయి, వేలమంది మధ్య మడతమంచం మీద వాలితే వైభోగమా? అంతకు మూడు రోజుల ముందే పుత్రరత్నం, విపత్తుల్లో ఆదుకోవాల్సిన సర్కారు సంస్థ ఫీమా పెద్ద మైకేల్ బ్రౌన్‌ను "బ్రౌనీ, భలే పని చేస్తున్నావోయ్" అని మెచ్చుకున్నారు. ఆ భలే పనిమంతుడు పది రోజులకే రాజీనామా చేశాడు. పూర్వాశ్రమంలో ఆయన అరబ్బీ గుర్రాల సంఘంలో కొలువు చేశారు. గుర్రాలు అదృష్టం చేసుకున్నాయి, వాటికి తుఫాను రాలేదు.

ఫీమావాళ్లు ఇంటికి 2,000 డాలర్ల డెబిట్ కార్డన్నారు. జనం ఎండలో బారులు తీరారు. కొద్ది రోజులకే పథకం చుట్టేశారు.

ఇక బాధితులను ఫీమా ఖర్చుతో ఉంచిన హోటల్ గదుల భాగోతం. డిసెంబర్ 1 నుంచి అద్దె కట్టం, ఖాళీ చేయండని నవంబర్ నడిమిలో కబురు. గగ్గోలు పుట్టింది. గడువు జరిగింది. మళ్లీ జరిగింది. ఇంకోసారి జరిగింది. పెట్టె సర్దాలా, విప్పాలా? పిల్లను ఏ బళ్లో వేయాలి? ఉద్యోగం దరఖాస్తులో ఏ చిరునామా రాయాలి? ఎవడికి పట్టింది? ఆనక అద్దె సాయం కూడా కత్తిరిస్తూ ఉత్తరాలు పంపారు. కారణం ఉండాల్సిన చోట కంప్యూటర్ కోడ్! నా తప్పేమిటయ్యా బాబూ అంటే ఆ కోడే జవాబు. 2006 నవంబర్‌లో ఫెడరల్ జడ్జి రిచర్డ్ లియోన్, ఇది అంతుపట్టని అధికారుల చేతిలో మనిషి నలిగిపోయే కాఫ్కా కథలా ఉందని చీవాట్లు పెట్టి సాయం మళ్లీ ఇమ్మన్నారు. కాఫ్కా బతికుంటే రాయల్టీ అడిగేవాడు.

పోనీ ఇళ్లు లేవా? ఎందుకు లేవు, బోలెడు! ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అనే ఊరి విమానాశ్రయం నిండా 10 వేలకు పైగా మొబైల్ ఇళ్లు, కాపురాలు లేక ఊరికే నిలబడ్డాయి. వరద ముప్పున్న నేల మీద వాటిని పెట్టకూడదని ఫీమా సొంత రూలు. వరద బాధితులకని కొన్నారు, వరద ప్రాంతంలో పెట్టకూడదన్నారు! ఇంత తెలివి మన సచివాలయాల్లో దొరుకుతుందా? నవ్వకండి, పులిహోర పొట్లం మీద నాయకుడి బొమ్మ అచ్చేసే మనకు నవ్వే హక్కు లేదు. పోనీ, బండికి తగిలించి లాక్కెళ్లే చిన్న ట్రెయిలర్ ఇళ్లు దించుదామంటే చోటేది? లూసియానాలో ఎవర్నడిగినా పాపం వాళ్లకు గూడు కావాల్సిందే... మా పేటలో మాత్రం వద్దు! స్థానిక కౌన్సిళ్లు ట్రెయిలర్ పార్కులొద్దని తీర్మానాలే చేశాయి. ఆదివారం చర్చిలో కన్నీళ్లు, వారం మధ్యలో నిషేధాలు.

చోటు దొరికి ట్రెయిలర్లో చేరినవాళ్ల సుఖం చూడండి. కళ్లు మంటలు. గొంతు మంట. పిల్లలకు దగ్గు. గోడల చెక్కల్లోని జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ విషవాయువు. ఆ మాట అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నోట అధికారికంగా రావడానికి 2008 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ ట్రెయిలర్లను ఏం చేశారంటారు? తుక్కు చేశారా? ఛ, ప్రజల సొమ్ము కదా! మనుషులు కాపురముండరాదని స్టిక్కర్ అంటించి వేలం వేశారు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు ఒలికింది. శుభ్రం చేయడానికి కూలీలొచ్చారు. కొందరిని వాటిల్లోనే పడుకోబెట్టారు. ఏం, స్టిక్కర్‌లో మనుషులు అని రాశారు గానీ కూలీలు అని రాయలేదుగా?