ర్యామ్ పద్యానికి టీకా తాత్పర్యములు

ఆ. పాత బోర్డు మీద బలవంతపెట్టిన
కొత్త మెమరి యెట్లు కుదురుకొనును?
చిప్పు నెంచు మొదట, జేబు నెంచు పిదప;
గాటు మారెనేని కథయె మారు.

అవతారిక: సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక గృహస్థు "డీడీఆర్5 పదహారు జీబీ ఒకటి ఇవ్వు బాబూ" అనగా, కౌంటరు వెనుక కుర్రవాడు "మీది ఏ ప్రాసెసర్ సార్?" అని అడిగెను. గృహస్థు తెల్లబోయెను. ఆ ప్రశ్నలోని అంతరార్థమును కవి ఇందు చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థము: పాత బోర్డు మీద = డీడీఆర్4 స్లాట్లు గల మదర్‌బోర్డునందు; బలవంతపెట్టినన్ = బొటనవ్రేళ్లు రెండును ఎఱ్ఱబడునట్లు అదిమినను; కొత్త మెమరి = డీడీఆర్5 ర్యామ్; ఎట్లు కుదురుకొనును = ఎట్లు దిగును? (దిగదనుట); మొదట = డబ్బు తీయకమునుపే; చిప్పున్ = ప్రాసెసరును; ఎంచు = ఏ తరముదో విచారింపుము; పిదప = అటు తరువాత; జేబున్ = పర్సును; ఎంచు = తడిమి చూచుకొనుము; గాటు = ర్యామ్ అడుగు అంచున నుండు చీలిక; మారెనేని = చోటు మారినచో; కథయె మారున్ = బోర్డు, ప్రాసెసరు, వానితోపాటు బిల్లును మారును.

తాత్పర్యము: ఓయి కొనుగోలుదారుడా! ర్యామును చూచి ప్రాసెసరును కొనరాదు. ప్రాసెసరును చూచి ర్యామును కొనవలెను.

విశేషములు:

1. చిప్పునకు అగ్రపూజ ఏల? పూర్వము మెమరీ కంట్రోలరు మదర్‌బోర్డు మీది నార్త్‌బ్రిడ్జిలో కాపురముండెడిది. 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో ఏఎమ్‌డీ, 2008లో నెహాలెమ్‌తో ఇంటెల్ దానిని ప్రాసెసరు లోపలికే తెచ్చుకొన్నవి. నాటినుండి మాట ప్రాసెసరుదే. ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్టుకు డీడీఆర్4 తప్ప గిట్టదు. 2022లో వచ్చిన ఏఎమ్5కు డీడీఆర్5 తప్ప గిట్టదు. 2021 నాటి ఇంటెల్ పన్నెండవ తరపు డెస్క్‌టాప్ చిప్పులు రెంటినీ సమ్మతించెను గాని, బోర్డులు సాధారణముగా ఏదో ఒక పక్షమే వహించును.

2. "రెంటికిని పిన్నులు 288యే కదా, ఏల దిగదు?" అని పూర్వపక్షము. సమాధానము: లెక్క ఒకటే, గాటు చోటు వేరు. డీడీఆర్4 1.2 వోల్టులది, దాని కరెంటు సంగతి బోర్డు చూచుకొనును. డీడీఆర్5 1.1 వోల్టులది, ఆ కరెంటు సర్దుబాటుకు కావలసిన చిప్పును తన ఒంటిమీదనే మోయును. తప్పు స్లాటులో దిగకుండుటకే గాటును జరిపిరి. కాన నొక్కువాని బలమును బోర్డు పరీక్షించుట లేదు, రక్షించుకొనుచున్నది.

3. "జేబు నెంచు మొదట, చిప్పు నెంచు పిదప" అని కొందరి పాఠము. యతి చెడదు, గణములు చెడవు; కొన్న ర్యాము చెడి మరునాడు అంగడికి తిరిగి వచ్చును. కాన గ్రాహ్యము కాదు.

4. ఇందు అర్థాంతరన్యాసాలంకారము. చివరి పాదము సామాన్యవాక్యము.

నిర్ణయము: ఏఎమ్4 యంత్రము ఇంట చక్కగా నడచుచుండి, ఎక్సెల్, బ్రౌజరు మాత్రమే పని అయినచో మరి యొక డీడీఆర్4 చాలును, పాతది వాడుట పాపము కాదు. అన్నియు కొత్తగా కూర్చువాడు, గ్రాఫిక్స్ కార్డు లేక ప్రాసెసరు లోని గ్రాఫిక్సుతోనే ఆటలాడువాడు డీడీఆర్5 పక్షము వహించుట మేలు. ఆ గ్రాఫిక్సు ఈ ర్యామునే వాడుకొనును, వేగము అక్కడ అక్కఱకు వచ్చును. ఏ పక్షమైనను, అంగడికి పోవునపుడు బోర్డు మోడల్ పేరు కాగితముపై వ్రాసి తీసికొని పొండు.