ఆగగలిగినవాడిదే బేరం: ఒక ధర్మవరం మగ్గం ఆత్మకథ

నేను గుంట మగ్గాన్ని. ఊరు ధర్మవరం. వేప దూలాలు, నాలుగు గుంజలు, ఒక పలక, ఒక అచ్చు, తొక్కుడు చెక్కలు, వాటి కింద గుంట. నా ఆస్తిపాస్తులు ఇంతే. గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, ఒకే ఇంట్లో రెండు తరాలవాళ్లు నన్ను ఆడించారు. తాత కాలంలో ఒక పిల్లవాడు పక్కన కూర్చుని దారాలు ఎత్తిపడితే తప్ప కొంగు మీద పువ్వు లేచేది కాదు. కొడుకు కాలానికి నా నెత్తిన జకార్డు పెట్టె ఎక్కింది. దానికి ఎత్తు చాలక ఇంటి కప్పు లేపారు. ఆ కప్పు తర్వాత కురవడం మొదలుపెట్టింది గానీ, దానికోసం చేసిన అప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

మా వంశానికేం, గొప్పదే. లేపాక్షి వీరభద్రుడి గుడిలో తల పైకెత్తి చూడండి. విజయనగర కాలపు చిత్రకారులు అక్కడి ఆడవాళ్లకు కట్టిన చీరల అంచులు, గళ్లు, బుటాలు చూసి ఇప్పటికీ మావాళ్లు డిజైన్లు గీసుకుంటారు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక రాయల వారసులు రాజధానిని తెచ్చుకున్నది మా పక్కనున్న పెనుకొండకే. ఈ కాలానికి వస్తే, ధర్మవరం పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరుకు ఏ లోటూ లేదు. లోటంతా నా ముందు కూర్చున్నవాడి ఇంట్లోనే.

ఇన్నేళ్లలో నా మీదుగా ఎంత పట్టు, ఎంత జరీ పోయిందో లెక్క లేదు. అంత విలువైన సరుకు చేసే చేతులు ఎందుకు ఖాళీగానే ఉంటున్నాయి? గుంటలో కాళ్లు ఆడినంతసేపూ నాకు ఇదే ఆలోచన. నాకు తెలిసిన జవాబు చెప్తాను, వినండి.

ముందు హిందూపురం పోదాం. అక్కడి పట్టుగూళ్ల మార్కెట్టుకు చుట్టుపక్కల రైతులు మల్బరీ ఆకు మేపి పెంచిన గూళ్లు తెస్తారు. పురుగు గూడు అల్లుకున్నాక రైతు చేతిలో ఉండేది కొద్దిరోజులే. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలు తొడుక్కుని గూడు తొలుచుకుని వచ్చేస్తుంది. తొలిచిన గూటి నుంచి తెగని దారం తీయలేరు. అందుకే ఆ రోజు వేలంలో పలికిన ధరకు ఒప్పుకోక తప్పదు. దారం తీసే రీలరు ఇవాళ కాకపోతే రేపు కొంటాడు. రైతుకు రేపు లేదు. మార్కెట్టులో మొదలైన ఈ కథే నా దగ్గరికి వచ్చేసరికి ఇంకా చిక్కగా అల్లుకుంటుంది.

పట్టు షావుకారుది. సూరత్ నుంచి వచ్చే జరీ షావుకారుది. డిజైను అట్టలూ ఆయనవే. నేతగాడివి చేతులు, చూపు, నడుము. పడుగుకు మూడు నాలుగు చీరలు, చీరకింత అని మజూరి. పడుగు అయిపోయిన ప్రతిసారీ పాత కొసలకు కొత్త పోగులు అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, వేలకొద్దీ పోగుల్ని ఒక్కొక్కటే మెలితిప్పాలి. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఫ్యాను వెయ్యరు, గట్టిగా తుమ్మరు. ఇంటి ఇల్లాలు తెల్లారకముందే రాట్నం దగ్గర కండెలు చుట్టి, వంట చేసి, మధ్యాహ్నం మళ్లీ వచ్చి తెగిన పోగులు చూస్తుంది. మజూరి చీటీలో ఆమె పనికి గడి లేదు.

ఒకసారి మా ఇంటికే వచ్చిన షావుకారుతో మావాడి మాట ఇలా సాగింది:

“సేటూ, ఈసారి మజూరి కొంచెం చూసి వెయ్యండి. పాపకు కాలేజీ ఫీజు కట్టాల.”

“యాపారం యాడుందప్పా? చీరలన్నీ బీరువాలోనే ఉండాయి. ఆషాఢం పోనీ, చూద్దాం. కావాలంటే ఇంకో ఐదువేలు అడ్వాన్సు తీసుకో.”

మావాడు తీసుకున్నాడు. ఫీజుకు గడువు మరి ఆ వారమే. షావుకారు చెడ్డవాడేమీ కాదు. పెద్ద షోరూములు ఆయన దగ్గర అరువుకు ఎత్తుకుపోతాయి, డబ్బు ఎప్పుడో ఇస్తాయి. కానీ ఆయన ఆగగలడు. పట్టుచీర బీరువాలో ఉంటే పాడవదు, శ్రావణంలో కాకపోతే మాఘం ముహూర్తాలకు అమ్ముడుపోతుంది. ఆయనకంటే షోరూము ఇంకా ఎక్కువ ఆగగలదు. ఎవరు ఎంతకాలం ఆగగలిగితే చీర ధరలో వాళ్ల వాటా అంత. నేతగాడు వారం కూడా ఆగలేడు. అడ్వాన్సు తీరేదాకా ఇంకో షావుకారు దగ్గరికి పోలేడు. అడ్వాన్సు తీరదు.

ఆ పాప పెళ్లికి ఇంట్లోకి ఒక పట్టుచీర వచ్చింది. నా మీద నేసిందే. షావుకారు దగ్గర అరువుకు తెచ్చారు, ఖరీదు అడ్వాన్సు ఖాతాలో కలిసింది. తాను నేసిన చీరను తానే అప్పుచేసి కొనుక్కోవడం ఈ దేశంలో ఎవరికీ వింతగా తోచలేదు.

మా కోసం చట్టం లేదనకండి. 1985లోనే చేనేతకు రిజర్వేషన్ చట్టం వచ్చింది. 11 రకాల వస్త్రాలు మరమగ్గం మీద నేయకూడదని దాని సారం. అయినా నేను రోజుల తరబడి చేసే డిజైనును మరమగ్గం గంటల్లో దించుతోంది. కొనేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తక్కువ ధరది తీసుకుపోతారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి పట్టు నూలు మీద 5 శాతం, చీర మీద 5 శాతం వేసింది. ఇరవై వేల చీర మీద అది వెయ్యి రూపాయలు. 2020 జూలైలో మా గోడు వినాల్సిన అఖిల భారత చేనేత మండలిని కేంద్రం రద్దు చేసింది. ఆ మరుసటి వారమే ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం యథావిధిగా జరిగింది.

సాయం అందలేదనీ అనను. ‘వైఎస్సార్ నేతన్న నేస్తం’ 2019 డిసెంబరు 21న మా ధర్మవరంలోనే మొదలైంది. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.24,000 ఇచ్చేవారు. నెలకు రెండు వేలన్నమాట. మా ఇంట్లో ఆ డబ్బుతో బియ్యం, మందులు వచ్చాయి. మరి షావుకారు షెడ్డులో పరాయి మగ్గం మీద కూలికి నేసేవాడి సంగతి? అందరికంటే పేదవాడు వాడే, వాడికే మగ్గం లేదు. పైగా ఏ పథకం వచ్చినా మజూరి నిర్ణయించే చోటు మారలేదు.

వానలూ మాకు కలిసిరావు. కరవు సీమలో అందరూ మబ్బు కోసం చూస్తారు. గట్టి వాన పడితే నా గుంటలోకి నీళ్లు ఊరతాయి. చెంబుతో తోడిపోసినా తడి ఆరదు, పట్టు పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, పని ఆగుతుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొట్టమొదట ప్రారంభించింది మా అనంతపురం ప్రాంతంలోని బండ్లపల్లిలోనే. మగ్గం ఆగిన రోజుల్లో ఆ పథకం కింద మట్టిపనికి పోయి వచ్చిన చేతులు నాకు వెంటనే తెలుస్తాయి. బొబ్బలెక్కిన వేళ్లకు పట్టు చిక్కుకుని తెగిపోతుంది.

మూడో తరం కుర్రాడు నా దగ్గర కూర్చోలేదు. “నాయనా, నేను పెనుకొండ రోడ్డు మీద ఫ్యాక్టరీలో చేరతా. ఒకటో తేదీకి జీతం పడుతుంది” అన్నాడు. వాళ్ల నాయన కాదనలేదు. ఆ ఒకటో తేదీ ఆయన ఎన్నడూ ఎరగడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్లో ఒప్పందం కుదిరింది. ఐదొందల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు, గొల్లపల్లి జలాశయం నీళ్లు ఇచ్చారు. 2019లో కార్లు బయటికి వచ్చాయి, 2023 జూలై నాటికి పది లక్షలు దాటాయి. మంచిదే. ఎండిన నేలకు అంత పెట్టుబడి రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ కంపెనీకి తమిళనాడు అయినా పర్వాలేదు, ఆంధ్ర అయినా పర్వాలేదు. అది ఆగగలదు కాబట్టి ప్రభుత్వాలే పరుగెత్తుకెళ్లాయి. మావాడు ఎక్కడికీ పోలేడు కాబట్టి ఎవరూ పరుగెత్తి రాలేదు. కుర్రాడు చేరింది ఒక చిన్న కాంట్రాక్టరు కింద. జీతం ఒకటో తేదీకే పడుతోంది, పని ఎన్నాళ్లుంటుందో మాత్రం ఆయన దయ.

మన దేశం ప్రపంచంలోని పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి. ఈ దేశంలోనే దాదాపు 81 కోట్లమందికి ఉచిత బియ్యం, గోధుమలు ఇవ్వాల్సి వస్తోంది. 2022–23 నాటికి దేశ సంపదలో 40 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలో ఉందని ప్రపంచ అసమానతల పరిశోధకులు లెక్కగట్టారు. 2019–20 చేనేత గణన ప్రకారం మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు ఐదు వేలలోపే. అమెరికా వంటి ధనిక దేశంలోనూ ఉద్యోగం చేస్తూనే ప్రభుత్వ ఆహార సాయం మీద ఆధారపడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. పని చేయక పేదలయ్యారనే మాటను ఇకనైనా కట్టిపెట్టండి. నా ముందు కూర్చున్నవాడు ఒక్క రోజూ బద్ధకించలేదు.

గూళ్లు తెచ్చిన రైతుకు, చీర నేసినవాడికి, కాంట్రాక్టు కుర్రాడికి లేనిది ఒక్కటే: “ఈ ధరకు ఇవ్వను, పో” అని చెప్పి నాలుగు నెలలు కూర్చోగల స్తోమత. ఆ స్తోమత ఇవ్వడం ప్రభుత్వానికి తలకు మించిన పనేం కాదు. అరువు మీద కాకుండా సరసమైన ధరకు పట్టు దొరికే నూలు బ్యాంకు, చీరను తాకట్టు పెట్టుకుని సీజను దాకా డబ్బిచ్చే సహకార సంఘం, గీటు దాటితే పట్టుకునే 1985 చట్టం, షెడ్డు కూలివాడికీ వర్తించే కనీస మజూరి. ఈ నాలుగూ జరిగితే సాయం కోసం చేయి చాచాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

మీ ఇంట్లో పెళ్లికి ధర్మవరం చీర కొంటారు గదా, ఒక పని చేయండి. చేనేత గుర్తు ఉందో లేదో చూడండి. ఉంటే, ఇందులో నేసినవాడికి ఎంత ముట్టిందని దుకాణంలో గట్టిగా అడగండి. జవాబు రాకపోయినా అడుగుతూనే ఉండండి. పదిమంది అడిగే ప్రశ్నకు ఏ షోరూమైనా ఎల్లకాలం మౌనంగా ఉండలేదు.