నన్ను కొట్టనన్నవాళ్లు

నన్ను డప్పు అంటారు, పలక అని కూడా అంటారు. గజ్వేల్‌లో ఒక పాత వాడలో, రేకుల ఇంట్లో మేకుకు వేలాడుతుంటాను. ఒంటిమీది తోలు మేకది. దాన్ని సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల అంబలితో కట్టె చట్రానికి అంటించి ఎండలో బిగబట్టారు. కొట్టేముందు గడ్డిమంట మీద కాపాలి. కాపకుండా కొడితే జలుబు చేసిన ముసలోడి గొంతు నాది. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల పడితేనే నాకు మాట. తోలు ఎన్నిసార్లో మారింది కానీ చట్రం తాతల నాటిదే. కాబట్టి పాత ముచ్చట్లు చెప్పే హక్కు నాకుంది.

క్రైస్తవులతో మా డప్పు జాతికి పాత పంచాయితీ ఒకటుంది. వాళ్ల ప్రార్థన ఊపందుకున్న ఊళ్లలో ముందుగా నోరు మూతపడింది మాకే. ఆ సంగతి ఈ ఇంటి తాత నోటే విన్నాను. డిసెంబరు 31 రాత్రి చర్చికి బయల్దేరేముందు ఆయన మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒంగోలు కొండ కథ ఎత్తుకుంటాడు.

1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఆ ముగ్గురిలో జూలియా అనే ఆమె ఒకరు. మొత్తం ఐదుగురు. అప్పటికి ఈ తెలుగు మిషను అమెరికాలో వాళ్లకు బరువైపోయింది. శామ్యూల్ డే 1836లో వచ్చి మొదలుపెట్టిన పని, ఖర్చే తప్ప ఫలితం లేదని, మూసేద్దామని అంతకుముందు ఏడాదే అక్కడ చర్చ నడిచింది. ఆ ఐదుగురూ కొండమీద మోకాళ్లూని, ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ చోటును ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

"మరి తెల్లారే వచ్చిండా తాతా?" అంటాడు మనవడు.

"యాడొచ్చిండు బిడ్డా! పన్నెండేండ్లు పట్టింది."

ఆ వచ్చిన మనిషి మిషనరీ జాన్ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఇక్కడ తాత దొరను పక్కనపెట్టి యర్రగుంట్ల పేరయ్య దగ్గరికొస్తాడు. నాకూ అదే ఇష్టం, ఎందుకంటే పేరయ్య మావాడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల బేరగాడు. తోళ్ల కోసం ఏలూరు వైపు తిరుగుతూ అక్కడ క్రీస్తు మాట విన్నాడు. తోళ్లు కొనే దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి, దారిపొడుగునా చుట్టాలే. దొర గుర్రమెక్కి రాకముందే కబురు ఆ దారుల్లోనే గూడేలకు చేరిపోయింది. ఉజ్జీవం పైనుంచి ఊడిపడిందని ప్రసంగాల్లో చెబుతారు. నేను విన్నంతలో అది చుట్టరికాల వెంట నడిచింది.

కొత్తగా నమ్మినవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. కానీ ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగ మెడకు చుట్టిన పని. మొక్కొద్దంటే కొట్టొద్దనే. పెద్దలు పిలిస్తే రాననడం అంతకుముందు ఎరగరు. కొట్టం అన్నారు. ఊరు ఊరుకుంటుందా? పనులు ఆపింది, తిప్పలు పెట్టింది. వాళ్లు మాత్రం డప్పు దించిన చేతితో మళ్లీ సిర్ర పట్టలేదు. నా జాతి కడుపు మాడిన మాట నిజమే, కానీ వాళ్లమీద నాకు కోపం రాలేదు. కొట్టమన్నప్పుడల్లా కొట్టిన చేతులు అవి, ఒక్కసారి కాదన్నాయి.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆయన పదిహేను నెలలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఏట్లో దిగారు, దొర ఒడ్డునే ఉన్నాడు. ఆ అంకె చెప్పేటప్పుడు తాత గొంతు లేస్తుంది. నాకైతే ఆ పదిహేను నెలలే గొప్పగా అనిపిస్తాయి.

మా వైపు సంగతి వేరు. గజ్వేల్ 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలోదే, ఇక్కడి పాత సంఘాల చూపు మెదక్ వైపే. నిజాం రాజ్యంలో పనిచేసిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అక్కడ పదేళ్లు కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువులో జనానికి ఆ కట్టుబడి పనే కూడు పెట్టిందని పెద్దలంటారు. అక్కడ కాలువ, ఇక్కడ చర్చి. క్రిస్మస్‌కు ఈ ఇంటివాళ్లు తూప్రాన్ మీదుగా మెదక్ పోయి, మెట్లమీద పిల్లలకు బిస్కెట్లు పంచి వస్తారు. నన్ను తీసుకుపోరు.

ఈ ఇంట్లో నా తగాదా తేలింది మనవడు పెద్దయ్యాకే. క్రిస్మస్ పాటలకు నన్ను దించుతానన్నాడు. సంఘ పెద్ద ఒకాయన ముఖం చిట్లించి, "అది జాతర వాయిద్యం, లోపలికి వద్దు" అన్నాడు. మనవడు 150వ కీర్తన తెరిచి ముందు పెట్టాడు, అందులో వాయిద్యాల పేర్లకు కొదువ లేదు. పెద్దాయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. గుమ్మం బయట కొట్టుకొమ్మన్నాడు. ఇప్పుడు సగం సంఘం గుమ్మం దగ్గరే నిలబడుతోంది.

మొన్న పెద్ద ఇంటి నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ల ముసలాయన పోయాడట, రేపు ఆదివారం పొద్దున్నే డప్పు కావాలట.

"రెండు గంటలకు వస్త సార్, చర్చి అయినంక. మనిషికి వెయ్యి," అన్నాడు మనవడు.

"గప్పటిదాంక శవం ఆగదురా!"

"అయితే ఏరేటోళ్లను మాట్లాడుకోండ్రి," అని నన్ను మేకుకు తగిలించి చర్చికి వేసుకుపోయే అంగీ ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.