ఫెరారీ చేశాడు కదా అని

నేను చేసిన తెలివితక్కువ పనికి ఇటలీ నుంచి సాక్షిని తెచ్చుకున్నాను. ఆ సాక్షి పేరు ఎంజో ఫెరారీ. దేవరకొండలో ఒకడు తన పేరు చెప్పుకొని వాళ్ల నాయన కారును గ్యాస్ కట్టర్‌తో కోయిస్తాడని ఆ మహానుభావుడు కలలో కూడా అనుకొని ఉండడు.

1939లో ఆయన ఆల్ఫా రోమియో నుంచి బయటికొచ్చాడు. నాలుగేళ్ల దాకా రేసుల్లో సొంత పేరు వాడకూడదని షరతు. ఊరుకునే మనిషా! ఏడాది తిరక్కముందే రెండు రేసు బండ్లు కట్టించాడు. వాటికి పేరు లేదు, 815 అని నంబరే. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటర్లు, అందుకని 815. ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజన్ మీద వరసగా బిగించిన రెండు హెడ్డులు ఫియట్ 1100వి. అంటే ఫెరారీ పేరుతో ఒక్క కారు కూడా రాకముందే ఆయన ఫియట్ 1100ను విప్పి, తనకు కావలసినట్టు మార్చుకున్నాడు.

మా షెడ్డులో ఉన్నది ఏ బండి? ఫియట్ 1100.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫెరారీ వాడుకున్న ఇంజన్ 1937 నాటిది, 1,089 సీసీ. మా నాయన కారు ఇంజన్ కూడా 1,089 సీసీయే. మధ్యలో ముప్పై అయిదేళ్లలో మార్పులెన్ని వచ్చినా ఆ కొలత మారలేదు. ఇంకేం కావాలి? ఫెరారీ రక్తం మా ఇంట్లో టార్పాలిన్ కింద పడి ఉందని నిర్ధారణకు వచ్చేశాను.

మా నాయనది ఎరువుల దుకాణం. కారు ఆయన కొత్తగా కొన్నది కాదు. నల్లగొండలో ఒక డాక్టరుగారు 1972లో కొన్న ఫియట్ 1100 డిలైట్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసింది. ఆ మరుసటేడు ఫియట్ పేరు పోయి ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆ తర్వాత పద్మిని అయింది. డాక్టరుగారి దగ్గర నాయన కొనేనాటికే దాని మీద గీతలు బాగానే ఉన్నాయి. ముందు ఒకటే పొడుగు సీటు, గేరు స్టీరింగు కింద. నాయన, అమ్మ, మధ్యలో నేను. గేరు మార్చినప్పుడల్లా నాయన మోచేయి నాకు తగిలేది. వెనక సీట్లో మనుషులుండేవాళ్లు, లేకపోతే విత్తనాల సంచులుండేవి. మా చుట్టుపక్కల తండాల నుంచి నల్లగొండ ఆసుపత్రికి కాన్పులకు పోయినవాళ్లలో ఎంతమంది ఆ సీటు మీద పోయారో లెక్కలేదు.

మరి దాన్ని నేనెందుకు చిన్నచూపు చూశాను? నిజం చెప్తాను. చౌటుప్పల్ దగ్గర ఉన్న ప్లాటు అమ్మాను. చేతిలో డబ్బు కనపడ్డది. అదే రోజుల్లో హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు మీద నన్ను ఓ పచ్చరంగు లాంబోర్గిని దాటుకుని పోయింది. దాటడం కూడా కాదు, ముందు చప్పుడు వచ్చింది, తర్వాత గాలి వచ్చింది, బండి చూద్దామంటే లేదు. ఆ చప్పుడు నా చెవిలోంచి పోలేదు. దాన్ని కొనే తాహతు ఏడు జన్మలకూ రాదు. కానీ లాంబోర్గిని కూడా మొదట ట్రాక్టర్లు చేసినవాడే కదా, యుద్ధంలో మిగిలిపోయిన సామాన్లతో మొదలుపెట్టినవాడే కదా అని ఇంకో సాక్షిని కూడా పోగేసుకున్నాను. ట్రాక్టర్ల నుంచి వాడు అంతటివాడైతే ఎరువుల దుకాణం నుంచి నేనెందుకు కాకూడదు?

నల్లగొండలో పాత బండ్లు చేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. ఫియట్ అంటే ఆయనకు ప్రాణం. నా పథకం మొత్తం విని, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు:

“సార్, బోరు చేపిద్దాం. కొత్త పిస్టన్లు, రింగులు, కార్బొరేటర్ కిట్టు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పెడదాం. మంచిగ పోతది.”

“ఎంత స్పీడు పోతది?”

“ఫియట్ పోయినంత పోతది.”

ఆ జవాబు నాకు నచ్చలేదు. నాకు కావలసింది ఫియట్ పోయినంత కాదు. నేనే కనుక్కొని చెప్పాను: మారుతి వర్సా 1300 ఇంజన్, దాని అయిదు గేర్ల బాక్సు. అది కూడా వెనక చక్రాలు తిరిగే బండే కాబట్టి కుదురుతుందని. మాది నలభై చిల్లర హార్స్‌పవర్, అది దానికి దాదాపు రెట్టింపు. ఉస్తాద్ చాలాసేపు నేల చూశాడు. “కుదురుతది సార్. కుదరనిది ఏముంటది, కోస్తే అన్నీ కుదురుతయి” అన్నాడు. అందులోని వెటకారం నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

కోశారు. కొత్త గేరు రాడు కిందనుంచి రావాలి కాబట్టి ముందు సీటు కింద నేల రేకును నలుచదరంగా కోశారు. ఆ రేకు కింద పడ్డప్పుడు చూశాను. దాని పైవైపు నల్ల రంగు, రంగు కింద ఎర్ర ప్రైమరు, దాని కింద మెరిసే ఇనుము. ఎక్కడా తుప్పు లేదు. సముద్రం ఆమడ దూరంలో ఉన్న ఊళ్లలో ఫియట్లను కిందనుంచి తుప్పు తినేస్తుంది. మా నల్లగొండ, పాలమూరు నేలలో నీళ్లే కరువు, గాలిలో తడి ఎక్కడిది? మా జిల్లా కరువు ఈ రేకును నలభై ఆరేళ్లు కాపాడింది, నేను ఒక పూటలో కోయించాను. తర్వాత ఇంజన్ కూర్చునే ముందు దూలాన్ని కోశారు. స్టీరింగు కింద గేరు రాడు తీసేస్తే మిగిలిన రంధ్రానికి రేకు ముక్క వెల్డింగు పెట్టి లప్పం పూశారు.

పాత ఇంజన్ ఏం చెయ్యమంటారని ఉస్తాద్ అడిగాడు. షెడ్డులో ఓ మూల పడి ఉంటది సార్, తిండి పెట్టేదేముంది అన్నాడు. నేను పాత ఇనుప సామాన్ల వాడికి కిలోల లెక్కన ఇచ్చేశాను. వచ్చిన డబ్బు ఆ రోజు మధ్యాహ్నం బిర్యానీకి, కొత్త సైలెన్సరు అడ్వాన్సుకు సరిపోయింది.

ఇక రంగు. ఫెరారీ ఎరుపు కావాలన్నాను. అది 2018, అసెంబ్లీ ఎన్నికల ముందు. దేవరకొండ బజార్లో ఎర్ర కారు దిగేసరికి చాయ్ బండి దగ్గరివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: “అన్నా, సీపీఐదా, సీపీఎందా?” నల్లగొండ జిల్లాలో ఎర్ర బండికి ఇంకో అర్థం ఉండదని ఫెరారీకి తెలియదు సరే, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియొద్దూ? మైకు ఎక్కడ పెడతరని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు. కొత్త బకెట్ సీట్లో ఒక కాలు పెట్టి చూసి, తీసి, “గిండ్ల కూసుంటె లేపనీకి ఇద్దరు మనుషులు గావాలె” అని ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత ఆ కారు ఎక్కలేదు.

పోయింది మాత్రం బాగా పోయింది. డిండి దాటి అచ్చంపేట దాకా ఆ రోడ్డు మీద నేను రాజునే. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి, తర్వాత దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపులు. అక్కడ తెలిసింది, ఇంజన్ మార్చాను గానీ బ్రేకులు మార్చలేదని. నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ములే. నలభై హార్స్‌పవర్ బండి దిగే వేగానికి కంపెనీ లెక్కగట్టి పెట్టినవి. మూడో మలుపుకు కాలిన వాసన, నాలుగో మలుపుకు పెడల్ మెత్తబడ్డది. రెండో గేరులో వేసి, గోడ వారగా, వెనక బస్సువాడి హారన్ తింటూ దిగాను. శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. ఆ రోజు మొక్కుకున్నంత భక్తిగా మళ్లీ ఎప్పుడూ మొక్కలేదు.

ఇక్కడ నా సాక్షి సంగతి కూడా చెప్పాలి. ఫెరారీ 815 బండ్లు రెండూ 1940 ఏప్రిల్‌లో బ్రెషియా రేసుకు దిగాయి. ఒకదాన్ని నడిపింది ఆల్బెర్టో అస్కారి, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. రెండు బండ్లూ రేసు పూర్తి చెయ్యలేదు, దారిలోనే ఆగిపోయాయి. ఇది కూడా ఆ రాత్రి నేను చదివిన పేజీలోనే ఉంది. నాకు పనికొచ్చిన దగ్గర చదవడం ఆపేశాను. ఇంకో సంగతి, అదే ఫెరారీ కంపెనీ 2006లో క్లాసికే అని ఓ విభాగం పెట్టింది. ఇరవై ఏళ్లు దాటిన తమ బండ్లకు, ఇంజన్ నంబరు, గేరుబాక్సు నంబరు, ఛాసిస్ నంబరు పాత రికార్డులతో సరిచూసి, ఇది అసలుదే అని పత్రం ఇస్తారు. ఇంకోడి బండిని విప్పి మొదలైన ఇల్లు, తమ బండిని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదంటుంది. నాకిది కొంచెం నవ్వు తెప్పిస్తుంది, కానీ నవ్వే హక్కు పోగొట్టుకున్నాను.

ఎందుకంటే 2022 వచ్చింది. బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, కంపెనీ చేసిన తీరును మార్చిన బండి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని. పేపర్లో చదివాను. అది బుల్లెట్లకు చప్పుడు సైలెన్సర్లు పెట్టే కుర్రాళ్ల గురించి అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఛాసిస్ నంబరు ముద్ర తీసుకున్నారు. ఆర్సీతో సరిపోయింది. బానెట్ ఎత్తించి ఇంజన్ నంబరు చూశారు. ఆర్సీ చూశారు. మళ్లీ నంబరు చూశారు. “సార్, ఇందులో ఏది మీ బండి?” అన్నారు. ఎంత ఆలోచించినా ఆ ప్రశ్నలో తప్పు దొరకలేదు.

బయట చెట్టు కింద ఏజెంటు కుర్రాడు ఇంకా ఎక్కువ బాధపెట్టాడు, అదీ జాలిపడుతూ. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా మొదటి రూపంలో ఉండాలి. ఇరవై వేల రూపాయల ఫీజు కడితే నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజూ తిప్పడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు. “సార్, మీది ఈ ఏడాదితో యాభై నిండినై. ఒరిజినల్ ఉంటే మనమే చేపిచ్చేటోళ్లం” అన్నాడు. దేశం మొత్తం నాయన కారుకు పెద్దరికం ఇద్దామని యాభై ఏళ్లు ఆగి, తీరా ఆ ఏడాదికి నేను ఇంజన్ కిలోల లెక్కన అమ్ముకొని కూర్చున్నాను.

ఆ తర్వాత ఎవరో చెప్పగా హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు, పాత బండ్లు కొనే మనిషి. 1972 డిలైట్ అనగానే ఫోన్లో ఆయన గొంతే మారింది. వచ్చి, చుట్టూ తిరిగి, డోర్లు తీసి వేసి, ఆ డోర్లు పడే చప్పుడుకు తల ఊపాడు. బానెట్ ఎత్తాడు. దించాడు. చాయ్ తాగుతారా అంటే తాగుతానన్నాడు. చాయ్ తాగినంతసేపు వర్షాల గురించి, బత్తాయి రేటు గురించి మాట్లాడాడు. కారు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. చావు ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్లు అలాగే మాట్లాడతారు.

ఇంత చెప్పాను కాబట్టి ఒరిజినల్ అంటే దేవుడని అనేస్తానని అనుకోవద్దు. నాయన కూడా ఆ కారును మార్చాడు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించాడు. పైన క్యారియర్ కట్టించాడు. వెనక దీపం ఒకటి పగిలితే దొరక్క వేరే బండిది బిగించాడు, అందుకని రెండు దీపాలూ ఒకేలా వెలిగేవి కావు. ఉస్తాద్ మొదట చెప్పిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కూడా మార్పే. అసలు కుర్లాలో తయారైన ఫియట్‌ను చూసి టురిన్‌వాడు ఇది మాదేనా అని అడిగితే ఏం చెప్తాం? నాయన పెట్టించినవన్నీ స్పానరుతో విప్పితే ఊడి వచ్చేవి. పాత డైనమో గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. నేను గ్యాస్ కట్టర్ పట్టించాను, ఊడి వచ్చినదాన్ని బిర్యానీ చేసుకున్నాను. ఈ మాత్రం తేడా ఎరువుల బస్తా కుట్టు విప్పేవాడికి కూడా తెలుసు, దారం ఏ కొసన లాగితే వస్తుందో చూసి లాగుతాడు గానీ కత్తి పెట్టడు.

2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీద చివరి పద్మిని ట్యాక్సీ ఆగిపోయిందని వార్త వచ్చినప్పుడు నాకో ఆశ పుట్టింది, అన్ని ట్యాక్సీల ఇంజన్లు ఎక్కడికో అక్కడికి చేరాలి కదా అని. వనపర్తిలో ఒకటి ఉందంటే పోయి చూశాను. 1,089 సీసీయే. బ్లాకు పగల్లేదు. నంబరు మాత్రం మాది కాదు, ఎప్పటికీ కాదు. వీఏ అక్షరాల సంగతి మరిచిపోవలసిందే. కనీసం అమ్మ కూర్చునే పొడుగు సీటు, స్టీరింగు కింద గేరు తిరిగి వస్తే చాలనుకొని ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. అన్నీ విన్నాడు. నేల రేకు అతుకుతానన్నాడు, దూలం వేరే ఫియట్‌ది తెచ్చి వేస్తానన్నాడు, తెల్లరంగు కొడతానన్నాడు.

ఎప్పుడు తీసుకురమ్మంటావని అడిగాను.

“బండిని పంపియుండ్రి సార్” అన్నాడు. “మీరు రావద్దు.”